హైదరాబాద్‌లో జేబుకి భారం కాని మంచి హోటల్ వెతుక్కోవడం ఎలా?

ఈ ఊళ్లో తిండికి కొదవ లేదు. 2019లో యునెస్కో కూడా హైదరాబాద్‌ను గ్యాస్ట్రానమీ విభాగంలో క్రియేటివ్ సిటీల జాబితాలో చేర్చింది. అయినా ఉద్యోగానికో చదువుకో కొత్తగా వచ్చినవాళ్లు మొదటి నెలంతా యాప్ తెరిచి, పైన కనిపించిన నాలుగైదు పేర్ల చుట్టూనే తిరిగి, నెలాఖరుకి బ్యాలెన్స్ చూసుకుని నూడుల్స్ ప్యాకెట్లకి దిగిపోతారు. అది చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది. చాలాసార్లు వాళ్ల హాస్టల్ వెనక గల్లీలోనే అందులో సగం ధరకి వేడన్నం, పప్పు, ఒక వేపుడు, రసం పెట్టే మెస్ ఉంటుంది. అలాంటివి దొరకాలంటే అదృష్టం ఉండక్కర్లేదు, కాస్త పద్ధతిగా వెతికితే చాలు.

ముందు పూట తేల్చుకోండి

"మంచి హోటల్ ఏది?" అని మొదలుపెడితే దొరికేది పెద్ద పేరు, దాంతోపాటు పెద్ద బిల్లు. తక్కువ ధరకి బాగా పెట్టే చోట్లు చాలావరకు ఒకటి రెండు ఐటమ్స్ మీదే నడుస్తాయి, అవి కూడా రోజులో ఒక పూట మాత్రమే అసలు రుచితో ఉంటాయి. కాబట్టి ఏ పూట, ఏం తినాలని ఉంది అన్నది ముందు అనుకుని, ఆ తర్వాతే చోటు వెతకండి.

నాంపల్లిలో కరాచీ బేకరీ దగ్గర రామ్ కీ బండి దోశ తెల్లవారుజాము సంగతి, ఊరింకా నిద్రలో ఉండగానే అక్కడ పెనం వేడెక్కి ఉంటుంది. పాతబస్తీలో నిహారీ (నెమ్మదిగా ఉడికించిన మాంసం పులుసు), కుల్చా రొట్టె తినాలంటే పొద్దున్నే లేవాలి. ఇరానీ హోటళ్లలో కిచిడీ, ఖీమా, ఖట్టా ఉదయం టిఫిన్‌గా పెడతారు, వేడి కిచిడీ మీద పుల్లటి ఖట్టా పోసుకుని తింటే మధ్యాహ్నం దాకా ఆకలి మాట ఉండదు, ఊరికి కొత్తవాళ్లలో ఎక్కువమందికి దాని సంగతే తెలీదు. మెస్ భోజనానికి పన్నెండున్నర నుంచి రెండు లోపు వెళ్లాలి, మూడు దాటాక మిగిలిన కూరే మిగులుతుంది. బిర్యానీ కూడా మధ్యాహ్నం దమ్ తీసిన కొత్తలో తిన్నదానికీ రాత్రి పదకొండింటికి తిన్నదానికీ చాలా తేడా ఉంటుంది. జొన్నరొట్టెల బండ్లు సాయంత్రం పెడతారు. రంజాన్ నెలలో ఈ లెక్కంతా మారిపోతుంది, పాతబస్తీలో పగలు చాలా హోటళ్లు మూసే ఉంటాయి, ఇఫ్తార్ వేళకి హలీమ్ బట్టీల దగ్గర జనం మొదలై అర్ధరాత్రి దాటేదాకా ఉంటారు.

రోజూ తినేవాళ్లు ఎక్కడుంటారో అక్కడికి వెళ్లండి

నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యమైనది ఇదే. ఒక్కసారి వచ్చి వెళ్లిపోయే జనం మీద బతికే హోటల్‌కి రుచి కాపాడుకోవాల్సిన ఒత్తిడి తక్కువ, రోజూ వచ్చే జనం మీద బతికే హోటల్‌కి అది తప్పదు. అశోక్‌నగర్, చిక్కడపల్లి వైపు చూడండి, సెంట్రల్ లైబ్రరీ చుట్టూ గ్రూప్స్‌కి, ఎస్సై, కానిస్టేబుల్ పరీక్షలకి చదివేవాళ్లు వేలల్లో ఉంటారు. ఇంటి నుంచి వచ్చే డబ్బుతో నెలంతా సర్దుకోవాలి, కడుపు పాడైతే చదువు పోతుంది. పప్పు నీళ్లలా అయితే మర్నాడే పక్క మెస్‌లో కూపన్లు కొనుక్కుంటారు. అందుకే ఓనర్ ఏమరుపాటుగా ఉండటానికి వీల్లేదు. అమీర్‌పేట, ఎస్సార్ నగర్, దిల్‌సుఖ్‌నగర్, కేపీహెచ్‌బీలో కోచింగ్ సెంటర్ల వల్ల, హాస్టళ్ల వల్ల ఇదే పరిస్థితి. బేగంబజార్, మోండా మార్కెట్‌లలో హమాలీలు, షాపుల్లో పనిచేసేవాళ్లు తినే చోట్లు ఉంటాయి. కోఠి, అబిడ్స్‌లో ఆఫీసువాళ్లు ఏళ్ల తరబడి టిఫిన్ చేసే హోటళ్లు ఉన్నాయి.

మాదాపూర్, గచ్చిబౌలి వైపు ఉంటే మాత్రం మెయిన్ రోడ్డు వదిలేసి లోపలికి నడవాలి. అద్దాల బిల్డింగ్ కింద షాపు అద్దె ఎంతో మీరే ఊహించండి, అదంతా మీ ప్లేట్ మీదే వసూలవుతుంది. అయ్యప్ప సొసైటీ లాంటి చోట హాస్టళ్ల మధ్య గల్లీల్లో తిరిగితే రేట్లు ఎలా దిగుతాయో మీకే కనిపిస్తుంది.

అడిగే ప్రశ్న మార్చండి

ఆటో అన్నని "ఇక్కడ మంచి హోటల్ ఎక్కడుందన్నా?" అంటే మీ బట్టలు, బ్యాగు చూసి మీకు తగినదనుకున్న పెద్ద పేరు చెప్తాడు. "అన్నా, నువ్వు పొద్దున టిఫిన్ ఎక్కడ చేస్తావ్?" అని అడగండి, అప్పుడు అసలు చోటు చెప్తాడు. మెడికల్ షాపులో కుర్రాడు, జిరాక్స్ సెంటర్ అన్న, ఏటీఎం దగ్గర వాచ్‌మన్, వీళ్లంతా రోజూ బయట తినేవాళ్లే. పాతబస్తీలో అయితే "భాయ్, ఆప్ చాయ్ కహా పీతే?" అంటే చాలు, వేలు పెట్టి చూపిస్తారు, ఒక్కోసారి వెంట కూడా వస్తారు.

ఫోన్‌ని ఇలా వాడండి

మ్యాప్‌లో "రెస్టారెంట్స్" అని కొట్టకండి. "మెస్", "టిఫిన్ సెంటర్", "జొన్నరొట్టె", "ఇరానీ చాయ్", ఇలా ఐటమ్ పేరుతో వెతకండి, లిస్టు మొత్తం మారిపోతుంది. రివ్యూలని కొత్తవి పైకి వచ్చేలా పెట్టుకుని చదవండి, వంట మాస్టర్ మారితే రెండు నెలల్లో హోటల్ మారిపోతుంది, మూడేళ్ల కిందటి పొగడ్త ఇప్పుడెందుకూ పనికిరాదు. "సర్వీస్ సూపర్" అని సర్వర్ పేరుతో సహా ఒక్క లైన్ రాసినవి చాలావరకు అడిగి రాయించుకున్నవే, వాటిని వదిలేయండి. సాంబారు తియ్యగా ఉంది, చట్నీ రెండోసారి వేశారు, అన్నం చల్లారింది అని రాసినవాళ్ల మాట పట్టించుకోండి. కస్టమర్లు పెట్టిన ఫొటోల్లో మెనూ బోర్డు దొరికితే తేదీ చూసుకుని రేట్లు అంచనా వేసుకోవచ్చు.

పేరు విషయంలో జాగ్రత్త. బావర్చి అన్న బోర్డు ఊరంతా కనిపిస్తుంది, అవన్నీ ఆర్టీసీ క్రాస్ రోడ్స్‌లో ఉన్న బావర్చి కాదు. పేరు చూసి కాకుండా అడ్రస్ చూసి వెళ్లండి. ఇంకోటి, డెలివరీ యాప్‌లో రేటు చూసి "అమ్మో ఇంతా" అని వదిలేయకండి, చాలా హోటళ్లలో కూర్చుని తింటే అదే ఐటమ్ తక్కువకి వస్తుంది.

లోపలికి వెళ్లే ముందు ఐదు నిమిషాలు నిలబడండి

టిఫిన్ సెంటర్ దగ్గర ఏం చూడాలో చెప్తాను. బోండాల మూకుడు వైపు వెళ్లండి. నూనె నల్లగా చిక్కబడి, పిండి వేయగానే అంచులకి నురగ పొంగి, ఘాటైన పొగ వస్తుంటే ఆ నూనె నిన్నటిదో మొన్నటిదో. నూనె మళ్లీ మళ్లీ కాగితే అందులో పేరుకునే టోటల్ పోలార్ కాంపౌండ్స్ అనే పదార్థాలు 25 శాతం దాటితే ఆ నూనె వాడకూడదని ఎఫ్ఎస్ఎస్ఏఐ (ఆహార భద్రత చూసే కేంద్ర సంస్థ) నిబంధన ఉంది, మన దగ్గర కొలిచే మీటర్ ఉండదు కాబట్టి రంగు, నురగ, పొగ చూసుకోవాలి. తర్వాత పల్లీ చట్నీ బకెట్ చూడండి. రద్దీ ఉన్న చోట అది గంటలోపే అయిపోయి లోపలి నుంచి కొత్తది వస్తుంది, పోపు ఇంకా చిటపటలాడుతూనే ఉంటుంది. అదే బకెట్ అంచుల్లో చట్నీ ఎండి అట్టకట్టి ఉంటే వెనక్కి తిరగండి. ప్లేట్లు కడిగే చోటు కూడా ఓసారి చూడండి, ఒకే టబ్బు నీళ్లలో ముంచి తీస్తుంటే రుచి ఎంత బాగున్నా నేను తినను. తిని వదిలేసిన ప్లేట్లలో ఏం మిగిలిందో చూస్తే ఇంకా బాగా తెలుస్తుంది. ఇడ్లీలు అయిపోయి చట్నీ అలాగే ఉంటే ఆ చట్నీలో ఏదో తేడా ఉందన్నమాట.

గల్లా పెట్టె వెనక గోడ మీద 14 అంకెల ఎఫ్ఎస్ఎస్ఏఐ లైసెన్స్ లేదా రిజిస్ట్రేషన్ నంబర్ ఉందా అని చూడటానికి పది సెకన్లు పట్టదు. షవర్మా, మండీ దగ్గర మయోనైజ్ విషయం అడగండి. పచ్చి గుడ్డుతో చేసే మయోనైజ్‌ని తెలంగాణ ప్రభుత్వం 2024 అక్టోబరులో ఏడాదిపాటు నిషేధించింది, ఊరికే చేసిన పని కాదు అది. నేనైతే పక్కన పెట్టించేస్తాను.

మొదటిసారి తక్కువగా ఆర్డర్ చేయండి

కొత్త చోట స్పెషల్ జోలికి పోవద్దు. టిఫిన్ సెంటర్‌లో ప్లేట్ ఇడ్లీ, మెస్‌లో మామూలు మీల్స్, ఇరానీ హోటల్‌లో ఒక చాయ్, ఉస్మానియా బిస్కెట్. చార్మినార్ పక్కన నిమ్రా కేఫ్‌లో జనం చేసేదీ అదే, చాయ్, బిస్కెట్ తీసుకుని నిలబడి తాగి వెళ్తారు. మెస్‌లో చికెన్ వేపుడు ఎవరైనా మసాలాతో నెట్టుకొస్తారు, పప్పు, రసం, పెరుగు దగ్గరే అసలు సంగతి తెలుస్తుంది. ఈ మూడూ బాగుంటే ఆ వంటవాళ్లని నమ్మొచ్చు. బిర్యానీ అయితే సింగిల్ చెప్పండి, చాలా చోట్ల అది ఇద్దరికి సరిపోతుంది, కింది పొర అన్నం ముద్దకట్టకుండా మెతుకు మెతుకుగా ఉందో లేదో చూడండి.

కూర్చునే ముందే రేటు బోర్డు చదవండి. ఏసీ హాల్‌కీ బయట బల్లలకీ వేర్వేరు రేట్లు ఉండే హోటళ్లు చాలా ఉన్నాయి. నీళ్ల బాటిల్ మీ ముందు పెట్టగానే మూత తీయకండి, మామూలు నీళ్లు అడగండి. మామూలు రెస్టారెంట్లలో జీఎస్టీ 5 శాతం, బిల్లు మీద జీఎస్టీ నంబర్ లేకుండా ఆ పన్ను కలపకూడదు. సర్వీస్ చార్జీ వేరే విషయం, దాన్ని బిల్లులో తమంతట తాము కలపకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జులైలో మార్గదర్శకాలిచ్చింది, ఢిల్లీ హైకోర్టు 2025 మార్చిలో వాటిని సమర్థించింది. తీసేయమని మర్యాదగా అడగండి. వినకపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 నంబర్‌కి ఫోన్ చేసి ఫిర్యాదు చేయొచ్చు.

హోటలే అక్కర్లేని రోజులూ ఉంటాయి

రూమ్‌లో రైస్ కుక్కర్ ఉంటే కర్రీ పాయింట్ అంత మేలు ఇంకేదీ చేయదు. అన్నం మీరు వండుకుని, కూర, పప్పు, సాంబారు పొట్లాలు తెచ్చుకుంటే ఇద్దరు ముగ్గురు హాయిగా తినొచ్చు. సాయంత్రం ఏడు లోపు వెళ్తే ఆ పూట వండినవి దొరుకుతాయి, ఆలస్యమైతే పొద్దుటి కూరలు కూడా వాటిలో కలిసి ఉండొచ్చు, "ఇప్పుడు చేసినవి ఏవన్నా?" అని అడిగితే చాలామంది నిజమే చెప్తారు. చేతిలో మరీ డబ్బు లేని రోజున జీహెచ్ఎంసీ ఐదు రూపాయల భోజనం ఉంది, 2014లో అన్నపూర్ణ పేరుతో మొదలైంది. అక్కడ తినడానికి మొహమాటపడే కుర్రాళ్లని చూశాను. అడ్డా కూలీలు, ఆసుపత్రుల దగ్గర రోగుల బంధువులు, ఇంటర్వ్యూలకి వచ్చిన పిల్లలు అందరూ ఆ వరసలోనే నిలబడతారు, మీరూ నిలబడండి.

నచ్చిన చోటు దొరికితే మ్యాప్‌లో సేవ్ చేసి, దాని కింద ఐటమ్, టైమ్, రేటు మూడూ రాసుకోండి. "పెసరట్టు, ఎనిమిది లోపు, ఆదివారం సెలవు" అన్నంత రాస్తే చాలు. వారానికి ఒక్క కొత్త గల్లీ చొప్పున చూసుకుంటూ పోతే మీ ఏరియా వరకు లిస్టు తొందరగానే తయారవుతుంది. హాస్టల్‌లో కొత్తగా దిగినవాళ్లకి ఆ లిస్టు పంపండి.