ఎగుడుదిగుడు తోటలో గడ్డి కోతకు ట్రాక్టర్ డెక్ ఎలా ఎంచుకోవాలి

ముందు ఆరడుగుల వెదురు బొంగు ఒకటి తెచ్చుకోండి. డెక్ సంగతి, అంటే ట్రాక్టర్‌కు తగిలించే గడ్డి కోత మిషన్ సంగతి, తర్వాత చూద్దాం.

31 ఏళ్లు ఆర్టీసీ డిపోలో మెకానిక్‌గా చేసి రిటైరయ్యాను. ఇల్లు మెహదీపట్నంలో. చేవెళ్ల దాటాక మా అల్లుడుగారు మూడున్నర ఎకరాల మామిడి తోట కొన్నారు. దాని బాగోగులన్నీ ఇప్పుడు నావే. "మీరు చూసుకుంటున్నారు కాబట్టి నాకు టెన్షన్ లేదు మామయ్యా" అంటారాయన. ఆ టెన్షన్ ఎక్కడికి పోయిందో నాకు తెలుసు.

నేల ఎర్ర చెలక. మధ్యమధ్యలో బండలు తల పైకెత్తి ఉంటాయి. హైదరాబాద్ చుట్టుపక్కల బండలు 250 కోట్ల ఏళ్ల నాటివంటారు, అవి మన బ్లేడుకు భయపడి జరగవు. పాత యజమాని చెట్లకు పాదులు తీసి ఆ మన్ను అక్కడే పోసి వదిలేశాడు. దాని మీద గరిక అల్లుకుని ఇప్పుడు దిబ్బలయ్యాయి. వానలు పడ్డాక దూరం నుంచి చూస్తే పచ్చగా, చదునుగా కనిపిస్తుంది. నేను మోసపోయింది అక్కడే.

మొదటి ఏడాది తెలిసినవాళ్లను అడిగి ఐదడుగుల ఫినిషింగ్ మోవర్ తెచ్చాను. మా 24 హెచ్‌పీ మినీ ట్రాక్టర్‌కు తగిలించాను. పావుగంట తిరగకముందే దిబ్బల నెత్తిన మట్టి లేచిపోయి గుండు కొట్టినట్టయింది. గుంతల్లో గడ్డి మాత్రం మోకాలెత్తున అలాగే నిలబడి ఉంది. మూడో సాలులో ఠంగుమని ఒక చప్పుడు. దిగి చూస్తే గడ్డిలో బండ. బ్లేడు వంగింది, బ్లేడును తిప్పే స్పిండిల్ వంగింది, బాగుచేయించి తిరిగిచ్చేసరికి నా నడుమూ వంగింది. తప్పు మిషన్‌ది కాదు. దాని బ్లేడ్లు బోల్టుతో బిగించేసి ఉంటాయి, రాయి తగిలితే తప్పుకునే వీలు లేదు. క్రికెట్ గ్రౌండ్ లాంటి చోట దాన్ని మించింది లేదు. తోటలో దాని పేరెత్తొద్దు.

ఇక బొంగు సంగతి. తోటలో అన్నిటికన్నా మొండి దిబ్బను చూడండి. బొంగు నడిమి భాగం దిబ్బ నెత్తికి ఆనేలా అడ్డంగా పెట్టి, రెండు కొసలూ సమానమైన ఎత్తులో ఉండేలా ఒకరు పట్టుకోవాలి. ఇంకొకరు కొస దగ్గర నేలకూ బొంగుకూ మధ్య ఎంత ఉందో టేపుతో కొలవాలి. మా దిబ్బ మీద 5 అంగుళాలు వచ్చింది. అంటే ఆరడుగుల డెక్ రెండు అంచులూ నేలను ఆనుకుని నడిస్తే, మధ్యలో దిబ్బ 5 అంగుళాలు పైకి పొడుచుకొస్తుందన్నమాట. తర్వాత అదే బొంగు మీద నాలుగడుగుల కొలతకు సుద్దముక్కతో గీతలు గీసి, ఆ గీతల దగ్గర కొలిచాం. రెండుంపావు అంగుళాలు. వెడల్పు మూడో వంతు తగ్గితే ఎత్తు సగానికి పైగా తగ్గింది. గుండ్రంగా ఉన్న ఏ దిబ్బకైనా దాదాపు ఇదే లెక్క, వెడల్పు రెట్టింపైతే ఈ ఎత్తు నాలుగింతలవుతుంది. గుంతలో అయితే కొసలు నేలకు ఆనతాయి, నడుమ ఖాళీ కొలవాలి. అక్కడ ఆ మేరకు గడ్డి ఎక్కువ మిగులుతుంది.

మీరు పెట్టుకునే కోత ఎత్తు ఈ కొలత కన్నా కనీసం ఒక అంగుళమైనా ఎక్కువుండాలి. నాలుగడుగుల డెక్‌ను మూడున్నర అంగుళాల ఎత్తులో పెడితే మా దిబ్బను గీరకుండా దాటుతుంది. ఆరడుగుల డెక్ అయితే ఆరంగుళాలు పెట్టాలి. ఆ మాత్రం దానికి డీజిల్ కాల్చడం ఎందుకు, నాలుగు మేకల్ని తోలితే సరిపోతుంది.

రాణిగంజ్‌లో నేను తిరిగిన షాపుల్లో మొదటి ప్రశ్న "ఎన్ని ఎకరాలు సార్?" అనే. ఎకరాలు చెప్తే వెడల్పాటి మిషన్ చూపిస్తారు. నేల ఎలా ఉందని ఒక్కరూ అడగలేదు. వెడల్పు తగ్గితే టైమ్ ఎక్కువ పడుతుంది, నిజమే. నాలుగడుగులతో నెమ్మదిగా పోతే మా తోట ఐదు గంటల పని, ఆరడుగులతో మూడున్నర గంటలు. మిగిలే గంటన్నర కోసం సీజనంతా వెల్డింగ్ షాపు చుట్టూ తిరగడం నా వల్ల కాదు.

వెడల్పు తేల్చడానికి ఇంకో రెండు లెక్కలున్నాయి. ఒకటి, ట్రాక్టర్ వెనక టైర్ల బయటి అంచు నుంచి బయటి అంచుకు కొలవండి. మా దానికి 42 అంగుళాలు. డెక్ అంతకన్నా కాస్త ఎక్కువుంటేనే టైరు తొక్కిన గడ్డి కూడా కోతలోకి వస్తుంది. 48 అంగుళాలు సరిపోయింది. రెండు, పవర్. స్లాషర్ అనే రకం డెక్‌కు (దాని సంగతి కింద చెప్తాను) అడుగు వెడల్పుకు సుమారు 5 హెచ్‌పీ చొప్పున వేసుకుంటారు, అదీ ఇంజన్ దగ్గర కాదు, పీటీఓ దగ్గర, అంటే డెక్‌ను తిప్పే షాఫ్ట్ ట్రాక్టర్ వెనక తగిలించే చోట. పీటీఓకి వచ్చేసరికి ఇంజన్ పవర్‌లో కొంత తరుగు పోతుంది. మా ట్రాక్టర్‌కు అక్కడ ఇరవై పైచిలుకు మిగులుతుంది కాబట్టి నాలుగడుగులే హద్దు. బొంగు చెప్పినా, టైరు చెప్పినా, ఇంజన్ చెప్పినా మాట ఒక్కటే అయింది.

ఏ రకం అన్నదానికి మాలాంటి నేలలో రెండే సమాధానాలు. ట్రాక్టర్ పొట్ట కింద వేలాడే డెక్కులు కూడా ఉంటాయి గానీ, బండలున్న చోట కిందున్న కాస్త ఖాళీ అదే తినేస్తుంది, వదిలేయండి.

మొదటిది స్లాషర్. గేర్‌బాక్స్ కింద ఒక తిరిగే కడ్డీ, కొన్నింటికి గుండ్రటి పళ్లెం, దానికి రెండు బరువైన బ్లేడ్లు. బ్లేడు ఒకే పిన్ను మీద వేలాడుతూ ఉంటుంది. తిరిగే వేగానికి బయటికి సాగి గడ్డిని నరుకుతుంది, రాయి తగిలితే వెనక్కి మడుచుకుని మళ్లీ సాగుతుంది. పళ్లెం ఉన్నదే తీసుకోండి, మొద్దు ఎదురైతే దాని మీదుగా జారిపోతుంది. వయ్యారిభామ కాడలు, తంగేడు, బొటనవేలంత సర్కారు తుమ్మ మొలకలు, అన్నీ నరికేస్తుంది. కోత మాత్రం అందంగా ఉండదు.

రెండోది ఫ్లెయిల్, దీన్నే మల్చర్ అని కూడా అమ్ముతారు. ఇందులో అడ్డంగా తిరిగే రోటరుకు చిన్న చిన్న కత్తులు వేలాడుతుంటాయి. కత్తుల వెనకే డెక్ వెడల్పంతా రోలర్ ఉంటుంది, కోత ఎత్తు దాని మీదే ఆధారం. అందుకే నేల వంపులను స్లాషర్ కన్నా దగ్గరగా అనుసరిస్తుంది, రాళ్లనూ తక్కువ విసురుతుంది. పక్కనే రోడ్డు, ఇళ్లు ఉంటే నేను ఇదే కొనమంటాను. కాకపోతే అదే వెడల్పుకు పవర్ ఎక్కువ అడుగుతుంది, బరువెక్కువ, బెల్టులూ కత్తులూ చూసుకుంటూ ఉండాలి. రాళ్లు మరీ ఎక్కువైతే ఆ కత్తులు మార్చడమే ఒక పని. మా తోట చుట్టూ ఎవరూ లేరు కాబట్టి స్లాషర్ తీసుకున్నాను.

ఎగుడుదిగుడు నేలకు అసలు కీలకం ఎవరూ చూడని చోట ఉంటుంది, టాప్ లింక్ (ట్రాక్టర్‌నూ డెక్‌నూ పైన కలిపే కడ్డీ) తగిలించే చోట. మాది కొన్నప్పుడు అక్కడ గుండ్రటి రంధ్రం ఉండేది. నాలుగు నెలలకే ఒక గట్టు దాటుతుంటే డెక్ ఫ్రేమ్ పట్టీ అప్పడంలా వంగింది. ఎందుకో చెప్తాను. ముందు చక్రాలు గట్టెక్కగానే ట్రాక్టర్ వెనక్కి వాలుతుంది. డెక్ వెనక భాగాన్ని కూడా కిందికి తొక్కాలని చూస్తుంది. అక్కడ తోక చక్రం నేల మీద నిలబడి ఉంది, అది దిగదు. ఇద్దరి పంతం మధ్య నలిగింది పట్టీ. వెనక చక్రాలు గట్టెక్కినప్పుడు దీనికి తిరగబడుతుంది, తోక చక్రం గాల్లోకి లేచి డెక్ ముందు అంచు మట్టిలో దిగుతుంది.

మందు చిన్నదే. గుండ్రటి రంధ్రం బదులు మూడు, నాలుగు అంగుళాల పొడుగు గాడి గానీ, ముందుకూ వెనక్కూ ఊగే లింకు గానీ ఉండాలి. బాలానగర్‌లో ఒక వర్క్‌షాప్‌లో మందపాటి ప్లేటుకు గాడి కోయించి వెల్డింగ్ పెట్టించాను. చదును నేల మీద నిలబెట్టి, పిన్ను సరిగ్గా గాడి మధ్యలో ఉండేలా టాప్ లింక్ పొడవు సర్దాను. ఇప్పుడు గట్టు దాటుతుంటే పిన్ను గాడిలో అటూ ఇటూ జరుగుతూ కనిపిస్తుంది, డెక్ మాత్రం నేలను వదలదు. మీరు షాపులోనే ఈ గాడి ఉందో లేదో చూడండి.

షాపులో ఉండగానే బ్లేడును చేత్తో ఊపండి, పిన్ను మీద హాయిగా తిరగాలి. తోక చక్రం అన్ని వైపులకూ తిరగాలి. ముందూ వెనకా రాళ్లను ఆపే గొలుసులు ఉండాలి. పీటీఓ నుంచి డెక్‌కు పవర్ తెచ్చే షాఫ్టుకు, దెబ్బ తగిలితే ముందు తానే తెగే సేఫ్టీ బోల్టు గానీ, జారే క్లచ్ గానీ ఉండాలి. బోల్టు మాటిమాటికీ తెగుతోందని గట్టి బోల్టు వేయకండి. డిపోలో ఆ తెలివి చూపించినవాళ్లను చాలామందిని చూశాను, తర్వాత తెగేది గేర్‌బాక్స్ పళ్లు.

షాఫ్ట్ పొడవు కూడా డెక్‌ను పూర్తిగా ఎత్తి ఒకసారి, పూర్తిగా దించి ఒకసారి చూడాలి. ఎక్కడా లోపలికి పూర్తిగా గుచ్చుకుపోకూడదు, బయటికి ఊడొచ్చేంత సాగకూడదు. చదునులో సరిపోయిన షాఫ్ట్ గట్టు మీద సరిపోకపోవచ్చు.

ఇంకో సంగతి. క్లచ్ తొక్కినా తిరుగుతున్న బ్లేడ్ల ఊపు కొన్ని ట్రాక్టర్లను ముందుకు నెడుతూనే ఉంటుంది. పాత బావి గట్టు దగ్గర నేను క్లచ్ తొక్కాక మాది ఇంకో మూడడుగులు పోయి ఆగింది. ఆ మర్నాడే పీటీఓకి ఓవర్‌రన్నింగ్ క్లచ్ పెట్టించాను. ట్రాక్టర్‌ను బ్లేడ్లు తోయకుండా ఇది అడ్డుకుంటుంది. పీటీఓకి వేరే క్లచ్ ఉన్న ట్రాక్టర్లకు ఈ బాధ లేదు.

పొలంలోకి దిగాక డెక్ ముందు అంచు వెనకదాని కన్నా అర అంగుళం, అంగుళం కిందికి ఉండేలా సర్దండి, కోత తేలిగ్గా సాగుతుంది. పీటీఓ నిమిషానికి 540 చుట్ల దగ్గరే ఉంచి, వేగం గేరుతో తగ్గించండి, యాక్సిలరేటర్‌తో కాదు. పీటీఓ తగ్గితే బ్లేడు నరకడం మానేసి గడ్డిని పడుకోబెడుతుంది. ఏటవాలుకు అడ్డంగా తోలకండి, పైకీ కిందికీ తోలండి. వాన వెలిశాక ఎర్రమట్టి ఆరేదాకా ఆగండి, లేకపోతే మీ టైర్లే కొత్త గుంతలు తవ్వుతాయి. చుట్టుపక్కల మనుషులుంటే మిషన్ ఆన్ చేయొద్దు. 300 అడుగుల దూరం ఉంచమని మిషన్ల మాన్యువల్స్‌లో రాస్తారు, అది అతి జాగ్రత్త కాదు.

మొదటి కోతకు ముందు మాత్రం నడవాల్సిందే. నేనూ, తోటలో ఉండే తమ్ముడూ ఒక బకెట్ సున్నం, చీపురుకట్ట పట్టుకుని సాలుసాలూ తిరుగుతాం. బండ కనిపిస్తే తెల్లగా పూస్తాం. వానాకాలంలో నెమళ్లు గడ్డిలోనే గుడ్లు పెడతాయి, ఆ చోటు కర్ర పాతి వదిలేస్తాం. ఇప్పటికి 43 బండలకు సున్నం పడింది. 44వది నిన్న మధ్యాహ్నం బ్లేడే వెతికి పెట్టింది. బ్లేడు మడుచుకుంది, కొసన గోరంత పెచ్చు లేచింది. దాన్ని గ్రైండర్‌తో అరగదీసి, ఎదుటి బ్లేడునూ అంతే బరువుకు అరగదీశాను, లేకపోతే డెక్ వణుకుతుంది. సాయంత్రానికి మిగతా అర ఎకరం కూడా కోసేశాం.