ఎక్సెల్ ఫారం పదిమంది చేతికి వెళ్లే ముందు: చదవడానికే ఉంచిన గడుల విషయంలో జాగ్రత్తలు

మార్చి నెలాఖరు దగ్గరపడిందంటే లెక్కల విభాగాల్లో ఎక్సెల్ ఫారాలు, అంటే ఎక్సెల్‌లోని కోడ్ భాష వీబీఏతో తయారుచేసిన వివరాలు నింపే కిటికీలు, ఒక చేతి నుంచి మరో చేతికి తిరుగుతూనే ఉంటాయి. పైభాగంలో సరఫరాదారు పేరు, 15 అక్షరాల జీఎస్టీ నంబరు, ప్రారంభ నిల్వ కనిపిస్తాయి. కింద బిల్లు వివరాలు నింపాలి. పైవి చూడటానికి, కిందివి రాయడానికి అని ఫారం తయారుచేసిన వారికి తెలుసు. సాయంత్రంలోగా పని ముగించాల్సిన గుమస్తాకు ఆ సంగతి ఎవరు చెబుతారు? తెల్లని గడి కనిపిస్తే ఎవరైనా అందులో టైపు చేయబోతారు. అందుకే చదివే గడి మొదట చూపులోనే వేరుగా తెలియాలి. తాళం ఆ తర్వాతి సంగతి.

చాలామంది టెక్స్ట్‌బాక్సు (ఫారంలో పాఠం ఉండే గడి) ఎనేబుల్డ్ ప్రాపర్టీని, అంటే గడి పనిచేయాలా వద్దా అనే సెట్టింగును, ఫాల్స్ చేసి పని అయిపోయిందనుకుంటారు. దయచేసి అలా చేయకండి. అక్షరాలు బూడిద రంగులోకి వెలిసిపోతాయి, పెద్ద వయసు వారు చదవలేరు. గడిలో కర్సర్ పెట్టడం కుదరదు కనుక జీఎస్టీ నంబరును కాపీ చేసుకునే వీలుండదు, పొడవైన పాఠాన్ని కిందికి జరిపి చూడటమూ సాధ్యం కాదు. ఎనేబుల్డ్‌ను ట్రూగానే వదిలి, మార్పులను ఆపే లాక్డ్ ప్రాపర్టీని ట్రూ చేయండి. అక్షరాలు నల్లగా నిలుస్తాయి, కాపీ పనిచేస్తుంది, మార్చడం మాత్రం కుదరదు. ఆపై బ్యాక్‌కలర్‌ను ఫారం నేపథ్యపు రంగుకే మార్చి, స్పెషల్ ఎఫెక్ట్‌ను ఫ్లాట్ చేయండి. గడి లోపలికి నొక్కినట్టుండే ఆ గాడి పోతే రాయాలన్న ఆలోచనే రాదు.

పేరు, తేదీ లాంటి చిన్న వివరాలకు లేబుల్ (పాఠాన్ని చూపడానికి మాత్రమే ఉండేది) చాలు. దానికి స్క్రోల్‌బార్ లేదు, అందులోంచి కాపీ చేయలేరు. కాపీ చేసుకోవాల్సిన ప్రతి నంబరుకూ లాక్ చేసిన టెక్స్ట్‌బాక్సే వాడండి.

పొడవైన షరతులు, సూచనలు చూపాలంటే పాఠాన్ని ఎక్కువ వరుసల్లో చూపే మల్టీలైన్, వర్డ్‌ర్యాప్ రెండూ ట్రూగా ఉండాలి, నిలువు స్క్రోల్‌బార్ పెట్టాలి. ఇక్కడ ఒక చిక్కుంది. కర్సర్ గడిలోకి వెళ్లేదాకా ఆ స్క్రోల్‌బార్ కనిపించదు. పైగా పాఠం చివరి వరుసలు ముందు కనిపించి, మొదటి వరుసలు పైకి పోయి ఉండవచ్చు. ఫారం తెరపైకి వచ్చినప్పుడు నడిచే యాక్టివేట్ ఈవెంట్‌లో ఆ గడికి సెట్‌ఫోకస్ ఇచ్చి (కర్సర్‌ను అక్కడికి పంపి), కర్సర్ ఉన్న వరుసను తెలిపే కర్‌లైన్‌ను సున్నా చేస్తే పాఠం మొదటి వరుస నుంచి కనిపిస్తుంది. చదవడానికే ఉంచిన చిన్న గడులకు ట్యాబ్‌స్టాప్ (ట్యాబ్ నొక్కినప్పుడు కర్సర్ ఆగే వీలు) తీసేయడం మంచిదే, ట్యాబ్ నొక్కుతూ వెళ్లేవారు నేరుగా నింపాల్సిన చోటికి చేరతారు. పొడవైన పాఠం ఉన్న గడికి మాత్రం దాన్ని ఉంచండి, మౌసు వాడని వారు కూడా దాన్ని చదవగలగాలి.

గడిని సెల్‌కు కట్టేసే కంట్రోల్‌సోర్స్ ప్రాపర్టీకి దూరంగా ఉండండి. ఆ సెల్‌లో ఫార్ములా ఉండి, గడిలోని విలువ ఎప్పుడైనా మారితే ఫార్ములా చెరిగిపోయి ఉత్త విలువ మిగులుతుంది. ఫారం తెరుచుకునేటప్పుడు కోడ్ ద్వారా విలువను తెచ్చి పెట్టడమే క్షేమం. అప్పుడు కూడా సెల్ టెక్స్ట్ ప్రాపర్టీని (షీటులో కనిపించే రూపాన్ని) తీసుకుంటే నిలువు వరుస ఇరుకైన చోట నంబరుకు బదులు హ్యాష్ గుర్తులే ఫారంలోకి వస్తాయి. వాల్యూనే (అసలు విలువనే) తీసుకుని, ఎలా కనిపించాలో మీరే నిర్ణయించండి. తేదీలో నెలను అక్షరాల్లో చూపండి, లేకపోతే కంప్యూటర్ సెట్టింగును బట్టి రోజు, నెల తారుమారై కనిపించవచ్చు. బ్యాంకు ఖాతా నంబర్లను సెల్‌లోనే టెక్స్ట్‌గా దాచాలి. సంఖ్యగా దాచితే ముందున్న సున్నాలు పోతాయి, 15 అంకెల తర్వాతివన్నీ సున్నాలవుతాయి.

తెలుగులో చూపేవారు మరింత జాగ్రత్తగా ఉండాలి. వీబీఏ ఎడిటర్‌కు యూనికోడ్ (అన్ని భాషల అక్షరాలకూ ఉన్న ఉమ్మడి కంప్యూటర్ సంకేత పద్ధతి) తెలియదు. కోడ్‌లో తెలుగు వాక్యం అతికిస్తే అక్షరాల చోట ప్రశ్నార్థకాలు వరుసకడతాయి. మెసేజ్‌బాక్సులోనూ ఇదే బాధ. ఫారం మీది లేబుళ్లు, టెక్స్ట్‌బాక్సులు మాత్రం తెలుగును చక్కగా చూపగలవు. కాబట్టి తెలుగు వాక్యాలన్నీ ఒక షీటులో రాసుకుని, అక్కడి నుంచి కోడ్‌తో గడుల్లోకి తెచ్చుకోండి. ఫాంటును మీరే నిర్మలా యూఐగా పెట్టండి, విండోస్ 8 నుంచి అది సిస్టమ్‌తోనే వస్తోంది. డీటీపీ కోసం పాత అను ఫాంట్లలో కొట్టిన పాఠం పనికిరాదు, దాన్ని ముందే యూనికోడ్‌లోకి మార్చాలి. గడి ఎత్తు ఇంగ్లిషు అక్షరాలకు సరిపోయినంత మాత్రాన తెలుగుకు సరిపోదు. ‘స్త్రీ’, ‘రాష్ట్రం’ లాంటి మాటలు పెట్టి చూస్తే కింది ఒత్తులు తెగుతున్నాయో లేదో వెంటనే తెలుస్తుంది.

ఫారం లేకుండా షీటు మీదే పెట్టే యాక్టివ్‌ఎక్స్ గడులను (మైక్రోసాఫ్ట్ పాత పద్ధతి కంట్రోళ్లను) నేను సిఫారసు చేయను. మ్యాక్‌లో అవి పనిచేయవు. ఆఫీస్ 2024తో మొదలుపెట్టి కొత్త వెర్షన్లలో మైక్రోసాఫ్ట్ వాటిని ముందే ఆపి ఉంచుతోంది. షీటు మీద చూపించాల్సిందే అయితే మామూలు సెల్‌ను లాక్ చేసి, షీటుకు ప్రొటెక్షన్ పెట్టండి. లాక్ గానీ ప్రొటెక్షన్ గానీ పొరపాటును ఆపుతాయి తప్ప రహస్యాన్ని కాపాడవు. ఇతరులు చూడకూడని జీతాలు, ఆధార్ నంబర్లు ఆ ఫైలులో అసలు ఉండకూడదు.

పంపే ముందు ఫారాన్ని మరో కంప్యూటర్‌లో తెరిచి చూడండి. స్క్రీన్ స్కేలింగ్ 125 లేదా 150 శాతం ఉన్న ల్యాప్‌టాప్ అయితే మరీ మంచిది, చివరి అక్షరాలు తెగేది అక్కడే. మెయిల్లో వచ్చిన ఫైలులోని మాక్రోలను (ఫారాన్ని నడిపే కోడ్‌ను) 2022 నుంచి ఎక్సెల్ అడ్డుకుంటోంది. ఫైలు మీద కుడి క్లిక్ చేసి, ప్రాపర్టీస్‌లో అన్‌బ్లాక్ గడికి టిక్ పెట్టాలని, అదీ మీ నుంచి వచ్చిన ఫైలుకు మాత్రమే పెట్టాలని మెయిల్లోనే రాయండి.