నివాస వీధులకు వేగ పరిమితి నిర్ణయించే విధానం

ఇళ్ల మధ్య నుంచి పోయే రోడ్డుకు వేగ పరిమితి నిర్ణయించేటప్పుడు ముందుగా తేల్చుకోవలసింది, ఆ దారిన వాహనాలు ఎంత వేగంగా పోగలవన్నది కాదు, ఆ దారి మీదకు ఎవరెవరు వస్తారన్నది. పిల్లలు, వృద్ధులు, సైకిల్ తొక్కేవారు వాహనాలతో కలిసి నడిచే వీధి అయితే గంటకు 30 కిలోమీటర్లతో లెక్క మొదలుపెట్టాలి. 2020లో స్టాక్‌హోం అంతర్జాతీయ రహదారి భద్రతా సదస్సు ప్రకటన కూడా ఇటువంటి చోట్ల 30నే గరిష్ఠంగా ఉంచాలని, అంతకు మించిన వేగం సురక్షితమని గట్టి ఆధారం ఉన్నచోట మాత్రమే సడలించాలని కోరింది.

ఈ సంఖ్య వెనుక స్పష్టమైన లెక్క ఉంది. ప్రమాదాన్ని గుర్తించి బ్రేకు మీద కాలు వేయడానికి డ్రైవరుకు ఒక సెకను పడుతుందనుకుంటే, 30 వేగంతో వచ్చే కారు పొడి రోడ్డు మీద సుమారు 13 మీటర్లలో పూర్తిగా ఆగుతుంది. 50 వేగంతో వచ్చే కారు ఆ 13 మీటర్లు దాటేసరికి బ్రేకు ఇంకా పడనే పడదు. అంటే మొదటి కారు ఆగిపోయిన చోట రెండోది దాదాపు పూర్తి వేగంతో మనిషిని ఢీకొంటుంది. ఇక ఆలస్యం అవుతుందన్న అభ్యంతరానికి వస్తే, అర కిలోమీటరు వీధిలో ఈ రెండు వేగాల మధ్య తేడా 24 సెకన్లు మాత్రమే.

తరువాత వీధిలో ప్రస్తుతం ఉన్న వేగాన్ని కొలవాలి. మలుపులకూ కూడళ్లకూ దూరంగా, వర్షం లేని రోజున, రద్దీ తగ్గి ప్రతి డ్రైవరూ తనకు తోచిన వేగంతో పోయే వేళలో, కొలిచేవారు వారి కంట పడకుండా లెక్క తీసుకోవడం అవసరం. నూటికి 85 మంది ఏ వేగానికి లోబడి నడుపుతున్నారో చూసి దానినే పరిమితిగా ఖాయం చేసే పాత పద్ధతి ఒకటి ఉంది. నివాస వీధులకు అది తగదు, ఎందుకంటే ఆ లెక్కలో నడిచేవారి మాటకు చోటే లేదు. అయితే ఆ కొలత వృథా కాదు: అనుకున్న పరిమితికీ అసలు వేగానికీ మధ్య ఉన్న దూరమే, రోడ్డును ఎంతగా మార్చాలో చెబుతుంది.

అసలైన పని ఇక్కడే ఉంది. వెడల్పుగా, తిన్నగా, దూరం వరకూ కనిపించే వీధి వేగంగా పొమ్మంటుంటే, పక్కన నిలబెట్టిన బోర్డు మాట వినేవారు తక్కువ. బ్రిటన్‌లో గంటకు 20 మైళ్ల (సుమారు 32 కిలోమీటర్ల) పరిమితి బోర్డులు మాత్రమే పెట్టిన చోట్ల సగటు వేగం సాధారణంగా గంటకు ఒక మైలుకు అటూ ఇటూగా తగ్గింది, అంతే. అందువల్ల ఇప్పటికే వేగం తక్కువగా ఉన్న వీధికి బోర్డు చాలవచ్చు గాని, మిగిలిన చోట్ల వాహనాలు పోయే మేర వెడల్పు తగ్గించి ఆ జాగాను ఫుట్‌పాత్‌కు ఇవ్వాలి, కూడలి మూలల వంపును చిన్నది చేసి వాహనాలు మలుపు నెమ్మదిగా తిరిగేలా చేయాలి, పాదచారులు దాటే చోటును ఫుట్‌పాత్ ఎత్తుకు లేపాలి. స్పీడ్ బ్రేకర్లు వేస్తే 60 నుంచి 100 మీటర్లకు ఒకటి చొప్పున ఉండాలి. ఎడం ఎక్కువైతే డ్రైవర్లు మధ్యలో వేగం పెంచి పోయిన సమయాన్ని పూడ్చుకుంటారు. వాటికి రంగు చారలు, ముందస్తు హెచ్చరిక తప్పనిసరి, లేకుంటే రాత్రివేళ ద్విచక్ర వాహనదారులకు అవే ప్రమాదమవుతాయి.

గ్రామాల్లో చిక్కు వేరు. వాహనం తక్కువ, వేగం ఎక్కువ, ఫుట్‌పాత్ ఉండదు, మలుపు చాటున ట్రాక్టరో పశువులో ఉండవచ్చు. ఎదురెదురు వాహనాలు తప్పుకోవడానికి వీలులేని ఇరుకు దారిలో, కనిపించే దూరంలో సగంలోపే ఆగగలిగినంత వేగాన్నే అనుమతించాలి. 80 వేగంతో వచ్చే వాహనానికి మొదటి ఇంటి దగ్గర హఠాత్తుగా 30 అని చూపితే ఫలితం ఉండదు కాబట్టి, ముందే 50 దశ ఒకటి పెట్టి, ఊరి మొదట్లో రోడ్డును ఇరుకు చేసి, ఊరు వచ్చిందని కంటికే తెలిసేలా చేయాలి. తక్కువ పరిమితిని ఇళ్లున్నంత మేరకే ఉంచాలి. ఖాళీ పొలాల వెంట కూడా సాగదీస్తే ఊళ్లోనూ దాన్ని లెక్కచేయరు.

మార్పులు పూర్తయ్యాక కొన్ని నెలలు ఆగి, అదే చోట, అదే వేళకు వేగాన్ని మళ్లీ కొలవాలి. పక్క వీధుల్లోనూ కొలవాలి, ఎందుకంటే అడ్డు పెట్టిన వీధిని తప్పించుకున్న వాహనాలు అక్కడికి చేరవచ్చు. సగటు వేగం ఇంకా పరిమితిని మించి ఉంటే అంకెను పెంచకూడదు. వేగం తగ్గని చోటును గుర్తించి రోడ్డునే మరికొంత మార్చాలి.