ఓడ ప్రయాణానికి పెట్టె సర్దుకోవడం, నాలుగో పాఠం: ఫార్మల్ రాత్రి

మూడో పాఠం చివర చిన్న అభ్యాసం ఇచ్చాను. సౌతాంప్టన్ నుంచి న్యూయార్క్‌కు క్వీన్ మేరీ 2 ఓడలో ఏడు రాత్రుల ప్రయాణం అనుకుని, పెట్టెలో పెట్టుకునే బట్టల జాబితా రాసి పంపమన్నాను. పంపారు. చదివాను. మగవారి జాబితాలు దాదాపు అన్నీ ఒకే అచ్చులో పోసినట్టు ఉన్నాయి: "ఫార్మల్ ప్యాంట్లు రెండు, ఫార్మల్ చొక్కాలు మూడు, బెల్టు, ఆఫీసు బూట్లు." ఒకరైతే లేత నీలం గళ్ళ చొక్కా అని రంగుతో సహా రాసి, దాని పక్కన "ఫార్మల్ రాత్రికి" అని టిక్కు కూడా పెట్టారు.

తప్పు సగం నాదే. "రెండు ఫార్మల్ రాత్రులుంటాయి, తగ్గట్టు పెట్టుకోండి" అని ఒక్క వాక్యం రాసి ముందుకు వెళ్ళిపోయాను. ఈసారి రేవు దిగే రోజుల చెప్పుల గురించి చెప్పాల్సింది. అది వచ్చే పాఠానికి. ఇది తేల్చకుండా కదలడానికి వీల్లేదు.

మనకు "ఫార్మల్స్" అనే మాట ఇంజనీరింగ్ కాలేజీలో, ఉద్యోగాల ఇంటర్వ్యూల రోజుల్లో అంటుకుంది. చొక్కా లోపలికి దోపి, బెల్టు బిగించి, నల్ల బూట్లు తొడుక్కుంటే ఫార్మల్స్. టీషర్టూ జీన్సూ కానిది ఏదైనా ఫార్మల్సే. ఆ అర్థంలో ఆ మాట మన నోట్లో ఎంత అరిగిపోయిందంటే, ఇంకో అర్థం ఉంటుందన్న అనుమానమే రాదు. ఓడవాళ్ళ లెక్కలో మీ ఆఫీసు వేషం పేరు "స్మార్ట్ అటైర్". మామూలు రాత్రుల భోజనానికి అది చక్కగా సరిపోతుంది. ఫార్మల్ రాత్రి దానికి రెండు మెట్లు పైన ఉంటుంది. అక్కడ ఫార్మల్ అంటే విందు దుస్తులు. మగవారికి టక్సీడో అనే విందు సూటు అయినా ఉండాలి, ముదురు రంగు సూటూ టై అయినా ఉండాలి. ఆడవారు నేలను తాకే గౌన్లలో వస్తారు. కాబట్టి బీరువాలో ఆఫీసు అర జోలికి పోకండి, పెళ్ళిబట్టల అర తెరవండి. దగ్గరి బంధువుల ఇంట్లో పెళ్ళి రిసెప్షన్‌కు ఏం వేసుకుంటారో అదే ఫార్మల్ రాత్రికి వేసుకోవాలి. ఈ ఒక్క ముక్క క్రితంసారి రాసి ఉంటే మనకు ఈ పాఠం తప్పేది.

"మావారికి బ్లేజర్ ఉందండీ" అని ముగ్గురు రాశారు. బ్లేజర్ సూటు కాదు. ఒకే తానులోంచి కత్తిరించిన కోటూ ప్యాంటూ కలిస్తేనే సూటు. నల్ల బ్లేజరుకు వేరే నల్ల ప్యాంటు జత చేస్తే ఇంట్లో ట్యూబులైటు కింద కలిసినట్టే ఉంటుంది. భోజనశాల దీపాల కింద ఒకటి నీలంగా, ఒకటి గోధుమగా తేలుతుంది. అనుమానం ఉంటే రెండూ పట్టపగలు మేడ మీదికి తీసుకెళ్ళి పక్కపక్కన పరిచి చూడండి. ముదురు రంగు అంటే నలుపు, ముదురు నీలం, బొగ్గు రంగు. బిస్కట్ రంగు సూటు ఎంత ఖరీదైనదైనా పగటి బట్టే. బెల్టుకు ఫోను సంచీ తగిలించుకునేవారూ, జేబులో పెన్ను పెట్టుకునేవారూ ఆ ఒక్క పూటకు వాటిని గదిలో వదిలేయండి. చొక్కా తెల్లదే. గళ్ళు వద్దు. గళ్ళ చొక్కా పంపినాయన ఇది చదువుతున్నారని నాకు తెలుసు.

టక్సీడో కొనమని నేను చెప్పను. 1886లో న్యూయార్క్ దగ్గర టక్సీడో పార్క్ అనే చోట జరిగిన విందుతో ఆ తోకలేని కోటుకు ఆ పేరు వచ్చిందంటారు. కోటు అంచులకు మెరిసే శాటిన్, ప్యాంటు పక్కన అదే శాటిన్ పట్టీ, మెడకు బో టై. దానికి బెల్టు పెట్టరు. ఏడాదికి రెండు రాత్రుల కోసం అంత డబ్బు పోయడం దండగ. పెళ్ళినాటి రిసెప్షన్ సూటు ఇంకా పడుతుందా? అదే వేసుకోండి. మెరూన్ వెల్వెట్టూ, గుండెల మీద రాళ్ళ బ్రోచీ నాకు కంటికి ఆనవు గానీ, అది నా పిచ్చి. అక్కడ ఎవరూ కాదనరు.

నా ఓటు మాత్రం బంద్‌గలాకు. మావారికి పాతికేళ్ళుగా టై ముడి రాలేదు, ఇక రాదు. మెడ దాకా బొత్తాలుండే నల్లటి బంద్‌గలా వేసుకుంటే టై గొడవే లేదు. దేశీయ విందు దుస్తులను ఆ ఓడలో మర్యాదగానే చూస్తారు. స్కాట్లండు వాళ్ళు కిల్టులనే గళ్ళ లంగాలు కట్టుకుని దర్జాగా తిరుగుతుంటారు, మనకెందుకు బెరుకు? హైదరాబాదు వాళ్ళయితే షేర్వాణీ కోసం ఎక్కడికో వెతుక్కుంటూ పోనక్కరలేదు. నిజాం కాలం నుంచీ అది ఆ ఊరి దుస్తే. పత్తర్‌గట్టి దుకాణాల్లో జరీ పని లేని సాదా ముదురు రంగుది అడగండి. పెళ్ళికొడుకు షేర్వాణీ తెచ్చుకుంటే మాత్రం మీ పక్కన గుర్రం ఏదని అందరూ చూస్తారు.

"నాన్నగారు ప్యాంటు వేసుకోరు, ఎలా?" అని ఒక అమ్మాయి అడిగింది. పట్టుపంచె, పట్టు లాల్చీ, భుజం మీద కండువా. మా మామగారు వెడల్పు జరీ అంచు పంచెలో మెట్లు దిగి వస్తుంటే ఓడ ఫొటోగ్రాఫరు మమ్మల్ని పక్కకు జరగమని ఆయన్ను ఒక్కర్నే తీశాడు. మెట్లెక్కేటప్పుడు కుచ్చెళ్ళు కాళ్ళకు పడకుండా వెల్క్రో పంచె అయితే నిశ్చింత. పంచె సంగతి టికెట్టు కొన్నచోట ముందుగా ఒక మాట అడిగి పెట్టుకోండి. నూలు లుంగీ గది దాటి బయటికి రాకూడదని వేరే చెప్పాలా?

ఏ రాత్రి అన్నది త్వరగా చెప్పేస్తాను. మొదటి రాత్రి ఫార్మల్ ఉండదు, ఎందుకంటే రేవులో అప్పగించిన పెట్టెలు కొందరికి భోజనాల వేళ దాకా గదికి చేరవు. చివరి రాత్రీ ఉండదు, పెట్టెలు కట్టి గది బయట పెట్టేయాలి. మామూలుగా రేవు తగలని రోజుల్లోనే పెడతారు. న్యూయార్క్ వైపు వెళ్ళేటప్పుడు ఐదు రాత్రులు గడియారం గంట చొప్పున వెనక్కి తిప్పుతారు కనక నిద్ర పాడవుతుందన్న బెంగ లేదు. క్వీన్ మేరీ 2 నడిపే క్యూనార్డ్ కంపెనీ వాళ్ళు ఈ ఫార్మల్ రాత్రులను "గాలా" సాయంత్రాలంటారు. వేరే ఓడ కంపెనీల్లో, కార్నివాల్ వాళ్ళు "ఎలిగెంట్" అంటారు, ఆరు రోజులు గానీ అంతకు మించి గానీ ఉన్న ప్రయాణానికి రెండు, చిన్నదానికి ఒకటి. సెలబ్రిటీ వాళ్ళు "ఈవెనింగ్ షిక్" అని పేరు మార్చి కాస్త సడలించారు. నార్వీజియన్ ఓడల్లో ఈ బలవంతమే లేదు. కాబట్టి టికెట్టు కాగితాల్లో ఫార్మల్ అన్న మాట కనబడలేదని సంబరపడకండి, ఈ పేర్లు కూడా వెతకండి. ముస్తాబు కావడం ఇష్టం లేనివాళ్ళకు శిక్షేమీ లేదు. క్వీన్ మేరీ 2లో కింగ్స్ కోర్ట్ బఫే, గోల్డెన్ లయన్ పబ్బు ఆ రాత్రీ తెరిచే ఉంటాయి. బ్రిటానియా భోజనశాలా, క్వీన్స్ రూమ్‌లో డాన్సులూ మాత్రం దూరమవుతాయి.

ఇక ఆడవారి జాబితాలు. ఇక్కడ తక్కువ కాదు, ఎక్కువైంది. రెండు రాత్రులకు నాలుగు కంచి పట్టుచీరలు! పట్టుచీర కట్టిన మనిషిని భోజనశాల తలుపు దగ్గర ఆపడం నేనెక్కడా చూడలేదు. గౌనుతో సమానంగా నడుస్తుంది, కొన్ని చోట్ల గౌనును మించి. చిక్కు బరువుతో. బరువైన కంచి చీర కిలో దగ్గరికి వస్తుంది, మడతల దగ్గర జరీ విరిగినట్టు గీత పడుతుంది. నేను ఉప్పాడే తీసుకెళ్తాను. జాందానీ పనితనం దగ్గరికొచ్చి చూసేవారికి కనబడుతుంది, చీర మాత్రం చేతిలో ఉన్నట్టే ఉండదు. రెండో రాత్రికి గద్వాల. మీకు కంచే ఇష్టమైతే ఒకటి, అంతే.

ఒక గాలా రాత్రికి "నలుపు, తెలుపు" అని ఇతివృత్తం పెడుతుంటారు. దీని మీద ఒక అత్తాకోడళ్ళు నాకు విడివిడిగా రాశారు. నలుపు అశుభమని అత్తగారు, తెల్లచీర ససేమిరా కట్టనని కూడా ఆవిడే. కోడలికి దిక్కు తోచలేదు. మొదటి సంగతి, ఇతివృత్తం పాటించకపోయినా విందు దుస్తులైతే చాలు, ఆకుపచ్చ పట్టుచీరకూ అడ్డు లేదు. పాటించాలని సరదాగా ఉంటే పుట్టపాక తేలియా రుమాల్ చీర చూడండి. ఎరుపు, నలుపు, తెలుపు కలిసే ఉంటాయి. ఎరుపు ఉంది కనక అత్తగారికి శాంతి, మిగతా రెండూ ఉన్నాయి కనక ఓడకు శాంతి.

పైట ఒంటిపొరగా చేతి మీద వదిలేయడం ఫొటోలో బాగుంటుంది. ఓడలో సూపు గిన్నెకూ, కుర్చీ వీపుకూ, మెట్ల రెయిలింగుకూ అదే చిక్కుకుంటుంది. మడతలు పెట్టి భుజం మీద పిన్ను పెట్టేయండి. ఏ చెప్పులతో నడుస్తారో అవి తొడుక్కునే చీర కట్టుకోండి. ఓడ ఊగే రాత్రి ఎత్తు మడమలు నేనైతే తొడగను. భోజనశాలలో ఏసీ చలి గట్టిగానే ఉంటుంది, శాలువా మరవకండి.

ఇస్త్రీ సంగతి నా సొంత గాయం. మొదటి ప్రయాణంలో, అది వేరే ఓడ, చిన్న ఇస్త్రీపెట్టె ఒకటి పెట్టెలో దాచుకెళ్ళాను. అందరి సామానూ గదులకు చేరింది, మాది రాలేదు. కిందికి పిలిపించి, నా చేతే పెట్టె తెరిపించి, చీరల మధ్య నుంచి ఇస్త్రీపెట్టె బయటికి తీశారు. నిప్పు భయంతో ఓడల్లో అది నిషేధం. చీటీ రాసిచ్చి, దిగే రోజు తిరిగిచ్చారు. నలిగిన పట్టుచీరను స్నానాలగదిలో వేలాడదీసి వేడినీళ్ళు వదిలాను, ఎవరో చెప్పిన చిట్కా. ఆవిరి చుక్కలై చీర మీద పడింది. పమిట పొడుగునా నీటి మరకలు. ఆ రాత్రి శాలువా తీయకుండానే భోంచేశాను.

అందుకే ఇప్పుడు ఇంట్లోనే కుచ్చిళ్ళూ పైట మడతలూ పెట్టి, ఇస్త్రీ చేసి, క్లిప్పులతో పట్టి, చతురస్రంగా మడిచి, పాత నూలు పంచెలో చుట్టి తీసుకెళ్తాను. ముందే మడతలు పెట్టిచ్చేవాళ్ళు మన ఊళ్ళలో ఇప్పుడు వీధికొకరున్నారు. క్వీన్ మేరీ 2లో ఇస్త్రీ బల్లలున్న లాండ్రీ గదులున్నాయి, ఉచితం. కానీ గాలా రోజు సాయంత్రం అక్కడికి వెళ్తే వరుసలో నిలబడటమే మిగులుతుంది. పొద్దున టిఫిను కాగానే వెళ్ళండి.

అభ్యాసం. పడకగదిలో సుద్దముక్కతో ఆరడుగులకు నాలుగడుగులు గీత గీయండి. ఓడ గదిలో మంచం పోగా మీకు మిగిలే జాగా ఇంచుమించు అంతే. దంపతులిద్దరూ ఆ గీత లోపలే, ఒకే అద్దంతో, నలభై నిమిషాల్లో పూర్తిగా తయారవ్వాలి. గీత తొక్కినవారు మొదటి నుంచి. తయారయ్యాక అవే చెప్పులతో, అవే బూట్లతో మూడంతస్తులు దిగి, మళ్ళీ ఎక్కి, గంటన్నర కుర్చీలో కూర్చుని భోంచేయండి. కోటు విప్పకూడదు. జాకెట్టు హుక్కులు ఎన్ని పట్టాయో, కోటు బొత్తాం పట్టిందో లేదో నిజం రాసి పంపండి. పట్టకపోతే దర్జీ దగ్గరికి ఈ వారమే వెళ్ళండి, ప్రయాణం ముందు రోజు కాదు.