షెల్టర్‌లో ఉన్న అక్కలతో పాత చీరల బొంత, బియ్యం సంచి బ్యాగు ఎలా కుట్టించాలి?

కువైట్‌లో ఇంటిపనికి వచ్చి, ఆ ఇంట్లో ఉండలేక బయటపడిన మన ఆడవాళ్లు భారత రాయబార కార్యాలయం షెల్టర్‌లో తలదాచుకుంటారు. కడప, అన్నమయ్య, కోనసీమ, పశ్చిమ గోదావరి జిల్లాల నుంచి వచ్చినవాళ్లు అక్కడ తరచూ కనిపిస్తారు. చాలామంది కట్టుబట్టలతో వస్తారు. పాస్‌పోర్టు కఫీల్ (వీసా ఇచ్చి పనిలో పెట్టుకున్న యజమాని) దగ్గరుంటుంది, రావాల్సిన జీతం కూడా ఆయన దగ్గరే ఆగిపోయి ఉంటుంది. ఔట్‌పాస్, అంటే పాస్‌పోర్టు చేతిలో లేనివాళ్లు ఇంటికి వెళ్లడానికి ఇచ్చే కాగితం, చేతికి రావడానికి కొందరికి వారాలు పడుతుంది, కొందరికి నెలలు. తిండికి లోటు ఉండదు, కానీ పొద్దు గడవదు. తెల్లవారుజాము నుంచి అర్ధరాత్రి దాకా పనిచేసిన చేతులు ఒక్కసారిగా ఖాళీ అయితే మనసంతా ఇంటి దగ్గరి అప్పు చుట్టూ తిరుగుతుంది.

అందుకే వాళ్ల దగ్గరికి పళ్లు, బిస్కెట్లతో పాటు పాత చీరలు, దారం కూడా తీసుకెళ్లమంటాను. రెండు వస్తువులతో మొదలుపెట్టండి: బొంత, బ్యాగు. బొంత కుట్టడం మన పల్లెల్లో పెరిగిన ఆడవాళ్లకు కొత్త కాదు. నేర్పడానికి వెళ్లిన మీరే చాలాసార్లు నేర్చుకుని వస్తారు. బ్యాగు ఎందుకంటే, ఇంటికి వెళ్లే రోజు వాళ్ల చేతిలో సామాను పెట్టుకోవడానికి ఒక సంచి కూడా ఉండదు.

1. ముందు అనుమతి, తర్వాతే సూది

షెల్టర్ చూసుకునే అధికారితో మాట్లాడండి. ఏ రోజు, ఎన్ని గంటలు, ఎవరెవరు వస్తారు అన్నది కాగితం మీద రాసివ్వండి. కత్తెరలు, సూదులు, దబ్బనాలు లెక్కపెట్టి లోపలికి తీసుకెళ్లి, లెక్కపెట్టి బయటికి తేవాలి. లోపల ఉన్నవాళ్లు తీవ్రమైన మనోవేదనలో ఉండొచ్చు, కాబట్టి ఈ లెక్కను ఏ రోజూ తేలిగ్గా తీసుకోకండి.

అమ్మకం సంగతి కూడా మొదట్లోనే తేల్చుకోవాలి. గల్ఫ్‌లో ఇంటిపని వీసా ఒక్క యజమానికే కట్టుబడి ఉంటుంది. మరోచోట కూలికి పనిచేసినట్టు కనిపిస్తే ఆమె కేసు ఇంకా చిక్కుపడుతుంది. రాతపూర్వక అనుమతి ఉండి, గుర్తింపు ఉన్న సంఘం ద్వారా అయితేనే అమ్మండి. లేదంటే అమ్మకం మాటే ఎత్తొద్దు. ఆమె కుట్టింది ఆమెతోనే ఇంటికి వెళ్లనివ్వండి, అదేమీ తక్కువ లాభం కాదు.

2. సరుకు పోగుచేయడం

తెలుగువాళ్ల ఇళ్లలో పాత నూలు చీరలు, లుంగీలు, దుప్పట్లు అడగండి. పట్టు, సింథటిక్ వద్దు. సూది జారుతుంది, ఉతికితే పొరలు ఒకదాని మీద ఒకటి నిలవవు. బాస్మతి బియ్యం వచ్చే జిప్పు ఉన్న గుడ్డ సంచులు గల్ఫ్‌లో ప్రతి ఇంట్లోనూ ఉంటాయి. 10 కిలోలవి, 20 కిలోలవి అడిగి తీసుకోండి.

ప్రతి గుడ్డనూ నీళ్లలో నానబెట్టి, ఉతికి, ఆరబెట్టి మరీ తీసుకెళ్లండి. నేను మొదటిసారి ఈ పని చేయలేదు. ఎర్ర చీర రంగు దిగి, ఒక పిన్ని వారం రోజులు కుట్టిన తెల్లటి బొంత మొత్తం మరకలు పట్టింది. ఆమె ఒక్క మాట అనలేదు. ఆ మౌనం నాకు ఇప్పటికీ గుర్తుంది.

3. బొంత కుట్టే విధానం

చీర మామూలుగా 5.5 మీటర్లు ఉంటుంది. మూడు ముక్కలు చేస్తే ఒక్కొక్కటి దాదాపు 1.8 మీటర్లు, అంటే ఒక మనిషి పడుకునేంత. ఒక బొంతకు రెండు చీరలు కావాలి. బాగున్న చీరలోంచి ఒక ముక్క పైన, ఒక ముక్క అడుగున, మూడోది అంచు పట్టీలకు. నలిగిపోయిన చీర మూడు ముక్కలూ లోపల పొరలుగా వేస్తే మొత్తం ఐదు పొరలవుతాయి.

నేల తుడిచి, అడుగు పొర పరిచి, నాలుగు మూలలా బరువులు పెట్టండి. ఒక్కో పొర వేసినప్పుడల్లా మధ్యనుంచి అంచులకు అరచేత్తో సాపు చేయాలి. అన్నీ పరిచాక జానెడు దూరంలో పొడుగు పొడుగు కచ్చా కుట్లు వేసి పొరలు కదలకుండా పట్టించండి. ఈ మెట్టు వదిలేస్తే మధ్యలో గుడ్డ ఉబ్బి, చివరికి బొంత వంకర తిరుగుతుంది.

అసలు కుట్టు అంచు నుంచి మొదలవుతుంది. బియ్యపు గింజంత టాకా, రెండు వేళ్ల ఎడంతో వరస. అంచు చుట్టూ తిరుగుతూ లోపలికి వస్తే ఇద్దరు ముగ్గురు చుట్టూ కూర్చుని ఒకే బొంత కుట్టొచ్చు. మాటలు దొర్లేది అప్పుడే. బెంగాల్ నుంచి వచ్చిన అమ్మాయి ఉంటే దీన్నే కాంతా అంటుంది, పువ్వులూ చేపలూ వేసి చూపిస్తుంది. భాష రాకపోయినా కుట్టు ద్వారా కలిసిపోతారు.

చేతులు చూడటం మరిచిపోకండి. బ్లీచ్‌తో బాత్రూములు కడిగి కడిగి కొందరి వేళ్ల చివర్లు పొట్టు లేచి ఉంటాయి. నా పక్కన కూర్చున్న ఒకామె సూదిని బొటనవేలితో నొక్కలేక పిడికిట్లో పట్టుకుని గుచ్చేది. అలాంటి వాళ్లకు అంగుస్తానా (కుట్టేటప్పుడు వేలికి తొడిగే టోపీ) ఇవ్వండి, లేదా వేలికి మెత్తటి గుడ్డ పీలిక చుట్టండి. ఆ రోజుకి దారం ఎక్కించి ఇచ్చే పని అయినా చాలు.

4. బియ్యం సంచి బ్యాగు

సంచిని తిరగేసి దులిపి, లోపల అదే కొలతలో నూలు గుడ్డ సంచి కుట్టి దించండి. జిప్పు కింద చుట్టూ కుడితే అస్తరు నిలుస్తుంది. ప్లాస్టిక్ అల్లిక సంచి అయితే కోసిన చోట పోగులు లేస్తాయి. ఆ అంచును రెండుసార్లు మడిచి దబ్బనంతో కుట్టాలి. కొవ్వొత్తితో కాల్చి అతికించడం షెల్టర్‌లో వద్దు.

పట్టీ దగ్గరే బ్యాగులు తెగేది. చీర అంచు నాలుగు మడతలు వేసి, 10 కిలోల సంచికి దాదాపు 3 మీటర్ల పట్టీ తయారుచేయండి. దాన్ని పైన అతికించి వదిలేయకుండా, ఒక పక్క నుంచి దించి సంచి అడుగు కిందుగా తిప్పి అవతలి పక్కకు తెచ్చి కలపండి. అప్పుడు బరువు కుట్టు మీద కాకుండా పట్టీ మీద పడుతుంది.

మొదటి బ్యాగు ఎవరు కుడితే వాళ్లదే. అమ్మే అనుమతి ఉంటే రెండోదాని నుంచి లెక్క రాయండి: దారం, జిప్పు ఖర్చు పోను మిగిలిందంతా కుట్టినామెదే. లెక్క తెలుగులో రాసి, ఆమెకు చదివి వినిపించి, ఆమె చేతే సంతకం పెట్టించండి. జీతం ఎగ్గొట్టించుకుని వచ్చిన మనిషికి మళ్లీ లెక్క తెలియని డబ్బు ఇవ్వకూడదు.

5. కుడుతూ చెప్పాల్సిన నాలుగు మాటలు

ప్రశ్నలు వేసి కథ రాబట్టొద్దు. ఫొటోలు అసలే వద్దు. పని వదిలి పారిపోయిందని పరారీ కేసు పెట్టిన కఫీల్ ఉండొచ్చు, ఊళ్లో కూతురి పెళ్లి మాటలు నడుస్తుండొచ్చు. బొంతను ఫొటో తీయండి, మనిషిని కాదు.

వాళ్లే అడిగితే మాత్రం తెలిసింది చెప్పండి. కువైట్‌లో ఇంటిపనివారికి 2015 నాటి 68వ నంబరు చట్టం ఉంది. రోజుకు 12 గంటలకు మించి పని చేయించకూడదని, వారానికో సెలవు ఇవ్వాలని, పని మానేటప్పుడు ఏడాదికి ఒక నెల జీతం చొప్పున ఇవ్వాలని అందులో ఉంది. కనీస జీతం 60 దీనార్లని 2016లో నిర్ణయించారు. ఊళ్లో చెల్లెలో మరదలో రావాలనుకుంటుంటే, ఇంటిపనికి 30 ఏళ్లు నిండాలని, ప్రభుత్వ సంస్థ ద్వారానే రావాలని చెప్పమనండి. ఆంధ్రలో అది ఓంక్యాప్, తెలంగాణలో టామ్‌కామ్. విజిట్ వీసా మీద పంపిస్తానన్న ఏజెంటును నమ్మొద్దనండి.

6. సగంలో ఆగిన బొంత

ఔట్‌పాస్ ఎప్పుడొస్తుందో తెలియదు. వచ్చిందంటే మర్నాడే విమానం ఉండొచ్చు, బొంత ఇంకా సగంలోనే ఉంటుంది. దాన్ని మీరు తీసుకుని ఇంకొకరితో పూర్తిచేయించకండి. కుట్టిన వైపు లోపలికి వచ్చేలా చుట్టి, దారపు ఉండ మధ్యలో పెట్టి, ఆమె బ్యాగులోనే సర్దండి. సూదిని చేతిసామానులో కాకుండా, లగేజీలో వేసే సంచిలో గుడ్డకు గుచ్చి పెట్టండి. మిగతా వరసలు ఆమె ఇంటి అరుగు మీద కూర్చుని కుట్టుకుంటుంది.