హెడ్ తర్వాత, ముందు పోర్ట్ టైమింగ్

ఎండ్యూరో (కొండలు, అడవి దారుల్లో సాగే దూరపు బైక్ పోటీ) కోసం టూ-స్ట్రోక్ ఇంజన్ సొంతంగా కడుతున్నారా? స్క్విష్ గ్యాప్, అంటే పిస్టన్ పైకి వచ్చినప్పుడు దాని అంచుకీ హెడ్‌కీ మధ్య మిగిలే సందు, సరిచేయడానికి సిలిండర్ కింద ఉండే బేస్ గాస్కెట్ జోలికి వెళ్లకండి. పల్చటి గాస్కెట్ వేస్తే గ్యాప్ తగ్గుతుంది, నిజమే. కానీ సిలిండర్ మొత్తం కిందికి దిగుతుంది కాబట్టి సిలిండర్ గోడలోని ఎగ్జాస్ట్ (పొగ పోయే), ట్రాన్స్‌ఫర్ (మిశ్రమం వచ్చే) పోర్టులు రెండూ ఆలస్యంగా తెరుచుకుంటాయి.

అందుకే ముందు క్రాంక్‌కి డిగ్రీ వీల్ (క్రాంక్ ఎన్ని డిగ్రీలు తిరిగిందో చూపే చక్రం) బిగించి, గాస్కెట్ మందంతో పోర్ట్ టైమింగ్ తేల్చుకోండి. రాళ్లల్లో, బురదలో నెమ్మదిగా లాగాల్సిన బండికి ఎగ్జాస్ట్ పోర్ట్ తెరిచి ఉండే వ్యవధి 190 డిగ్రీలు దాటకపోతేనే మంచిది. మోటోక్రాస్ లెక్కలు ఇక్కడ పనికిరావు. గాస్కెట్ ఖాయమయ్యాకే, స్క్విష్ గ్యాప్ కోసం హెడ్‌ని లేత్ మీద పెట్టాలి.

గ్యాప్ కొలవడానికి మెత్తటి సోల్డర్ తీగ చాలు. గ్యాప్ కంటే కాస్త లావుగా, 2 మి.మీ. ఉంటే సరి. రెండు ముక్కలను గడ్జన్ పిన్ (పిస్టన్‌ని కనెక్టింగ్ రాడ్‌కి కలిపే పిన్) ఉన్న వరుసలోనే, పిస్టన్ మీద చెరో వైపు సిలిండర్ గోడను తాకేలా గ్రీజుతో అంటించండి. ముందూ వెనకా పెడితే పిస్టన్ ఊగి కొలత తప్పుతుంది. హెడ్ బోల్టులు పూర్తి టార్క్‌తో బిగించి, క్రాంక్‌ని చేత్తో ఒకసారి తిప్పి, నలిగిన అంచుని మైక్రోమీటర్‌తో చూడండి.

250 సీసీకి 1.2 మి.మీ. దగ్గర ఆగితే చాలు. బాగా తగ్గిస్తే హై ఆర్‌పీఎమ్‌లో కనెక్టింగ్ రాడ్ సాగి పిస్టన్ హెడ్‌ని కొడుతుంది. 1.5 దాటితే అంచున మిగిలే మిశ్రమం డిటోనేషన్‌కి (తనంతట తానే పేలినట్టు మండడానికి) దారి తీస్తుంది. కంప్రెషన్ ఎక్కువైందనిపిస్తే హెడ్ లోపలి గిన్నెను కొంచెం తొలిచి సరిచేసుకోవచ్చు.