చెయ్యీ కాలూ పడిపోయిన నాన్నగారిని మళ్లీ నడిపించుకోవడం ఎలా?

ప్రాణాపాయం తప్పిందని వైద్యులు చెప్పిన రోజునుంచే ఇంటివారి పని మొదలవుతుంది. పక్షవాతంలో దెబ్బతిన్న మెదడు భాగం చేసే పనులను మిగిలిన భాగాలు కొంతవరకు నేర్చుకుంటాయి. ఆ నేర్పు మొదటి మూడు నెలల్లో వేగంగా, తరువాత నెమ్మదిగా వస్తుంది గనుక, డిశ్చార్జికి ముందే పునరావాస కేంద్రం సంగతి తేల్చుకోవాలి.

కేంద్రాన్ని ఎంచుకునేటప్పుడు పేరుకన్నా దూరం చూడమని నా సలహా. మలక్‌పేటలో ఉండేవారు రోజూ గచ్చిబౌలికి వెళ్లివస్తే, ఉన్న ఓపికంతా ట్రాఫిక్‌లోనే కరిగిపోయి, వ్యాయామం వేళకు కునికిపాట్లు పడతారు. ఫిజియోథెరపీ, రోజువారీ పనులు మళ్లీ నేర్పే ఆక్యుపేషనల్ థెరపీ, మాటకు స్పీచ్ థెరపీ మూడూ ఒకేచోట ఉన్నాయా, రాత్రిళ్లు రెండు గంటలకోసారి పక్కకు తిప్పి పడుకోబెట్టేవారున్నారా అని అడగండి.

అన్నిటికన్నా ముందు మింగడం పరీక్ష చేయించాలి. ఆ పరీక్ష అయ్యేదాకా మంచినీళ్లయినా పట్టకూడదు, ఎందుకంటే పలుచని ద్రవం ఊపిరితిత్తుల్లోకి జారితే న్యుమోనియా వస్తుంది. అందుకే చాలామందికి నీళ్లకన్నా చిక్కని రాగిజావ సులువుగా దిగుతుంది. చూడవచ్చిన బంధువులు ప్రేమకొద్దీ తెచ్చే ఇరానీ చాయ్, పొడిపొడిగా రాలే ఉస్మానియా బిస్కెట్టు కొన్నాళ్లు ఆగాలి. నిటారుగా కూర్చోబెట్టి చిన్న ముద్దలు పెట్టి, తిన్నాక అరగంట పడుకోనివ్వకండి.

లేపేటప్పుడు పడిపోయిన చేతిని పట్టి లాగడం చాలా ఇళ్లలో జరిగే పొరపాటు. పట్టుతప్పిన ఆ భుజం కీలు జారితే నెలల తరబడి నొప్పి ఉంటుంది. నడుము దగ్గర పట్టుకుని లేపడం థెరపిస్టు దగ్గర మీరే నేర్చుకోండి. నడక మొదలయ్యాక కర్ర బాగున్న చేతిలో ఉండాలి. మెట్లు ఎక్కేటప్పుడు బాగున్న కాలు, దిగేటప్పుడు బలహీనమైన కాలు ముందు వేయించాలి.

థెరపిస్టు ఉండేది గంటసేపే, మిగిలిన రోజంతా మీదే. అందువల్ల ఆయన చేసుకోగలిగిన పనిని మీరు చేసిపెట్టకండి. చొక్కా తొడిగేటప్పుడు పడిన చెయ్యి ముందు, విప్పేటప్పుడు బాగున్న చెయ్యి ముందు అన్నది సూత్రం. మా నాన్నగారు తనంతట తాను తొలిసారి చొక్కా వేసుకుంటున్నప్పుడు స్టవ్ మీద పాలు పొంగిపోయాయి. నేను కదలలేదు, సాయమూ చేయలేదు. ఆ రోజుకు అదే పెద్ద వ్యాయామం.

మాట పడిపోయినవారికి చాలాసార్లు మనం చెప్పేది అర్థమవుతుంది, జవాబుకు మాట దొరకదు. అవును, కాదు అని చెప్పగలిగే ప్రశ్నలు అడిగి ఓపిగ్గా ఆగాలి, వాక్యాన్ని మీరు పూర్తిచేయకూడదు. సికింద్రాబాద్ మనోవికాస్‌నగర్‌లోని అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థ ప్రాంతీయ కేంద్రం వాక్, శ్రవణ సమస్యలకోసం ఏర్పడినదే, అక్కడ విచారించండి. ఊరికే కన్నీళ్లు పెట్టుకుంటున్నా, తిండి మీద ధ్యాస పోయినా వయసు ప్రభావమని వదిలేయక డాక్టరుకు చెప్పండి, పక్షవాతం తరువాత కుంగుబాటు సాధారణం, దానికి మందులున్నాయి.

ఇంటికి తెచ్చేముందు స్నానాల గదిలో పట్టుకునే కడ్డీ, జారని చాప, కమోడ్ కుర్చీ సిద్ధం చేయండి. పావురం రక్తం పూయమనేవారికి నమస్కారం పెట్టి పంపేయండి. బీపీ మందు ఒక్కపూటైనా మానకూడదు, ఆవకాయ తగ్గించాలి. వైకల్యం 40 శాతం గానీ అంతకు మించి గానీ మిగిలిపోతే ప్రభుత్వం ఇచ్చే వైకల్య ధ్రువపత్రానికి దరఖాస్తు చేసుకోవచ్చు.

మూతి మళ్లీ వంకరపోయినా, మాట తడబడినా 108కి ఫోన్ చేసి, ఆయన చివరిసారి మామూలుగా కనిపించిన సమయాన్ని కాగితం మీద రాసి వెంట తీసుకెళ్లండి. మెదడులోని రక్తపు గడ్డను కరిగించే ఇంజెక్షన్ సాధారణంగా నాలుగున్నర గంటలలోపే ఇస్తారు, ఆ లెక్క మొదలయ్యేది ఆ సమయం నుంచే.